తెగిన లంకె, పోయే అమానత్

2025 జూన్ 6న కేంద్రం ఉమీద్ పోర్టల్‌ను ప్రారంభించి, వక్ఫ్ ఆస్తుల నమోదుకు ఆరు నెలల గడువు విధించింది. అంతకుముందు ఆ వివరాలకు నెలవు వామ్‌సీ డేటాబేస్.

ఇటువంటి డేటాబేస్‌లో ఆస్తి ఒక పట్టికలో, గెజిట్ మరొక పట్టికలో, ముతవల్లీ వేరొక పట్టికలో ఉంటారు. వాటిని కలిపేది ఒక్క గుర్తింపు సంఖ్య. కొంత భాగాన్నే తరలించి ఆ లంకెను వదిలేస్తే ఖబరస్తాన్ పేరు మిగులుతుంది, దాని ఆధారం జారిపోతుంది. గజం ధర మండిపోతున్న ఉప్పల్, నాచారంలలో ఆక్రమణదారునికి అంతే చాలు.

తరలింపుకు ముందూ వెనుకా లెక్కలు సరిపోల్చాలని, పాత ప్రతిని భద్రపరచాలని, ఎక్కని ఆస్తుల జాబితాను మండలాలవారీగా ప్రకటించాలని వక్ఫ్ బోర్డును మేము కోరుతున్నాము. ప్రతి మస్జిద్ కమిటీ గెజిట్ నకలు, ముంతఖబ్ దగ్గర పెట్టుకొని సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు సరిచూసుకోవాలి. అమానత్‌ను కాపాడే బాధ్యత యంత్రానిది కాదు, మనది.