సందేశం ఏదీ నాయనా?

ఆ మధ్య గుంటూరు వైపు ఒక ఊళ్లో నాటిక పోటీలు జరిగాయి. అందులో నేను రాసిన నాటిక కూడా ఒకటి ఆడారు. సినిమా కబుర్లు రాసుకునేవాడికి నాటకాల గొడవ ఎందుకయ్యా అని మీరు నవ్వొచ్చు. ఏం చెయ్యను? బి.ఏ. చదివే రోజుల్లో పట్టుకున్న తెగులు, ముప్ఫై దాటినా వదల్లేదు.

కథ చిన్నదే. పద్యనాటకాలకి హార్మనీ వాయించి, ఇప్పుడు పనిలేక ఇంట్లో కూర్చున్న ఒక ముసలాయన. కూతురి కాలేజీ ఫీజు కోసం ఆ హార్మనీ పెట్టె అమ్మకానికి పెడతాడు. కొనడానికి వచ్చినవాడు "ఏదీ, ఒకసారి వాయించండి, పలుకుతుందో లేదో చూద్దాం" అంటాడు. ముసలాయన వాయిస్తాడు. వాయిస్తూనే ఉంటాడు. వచ్చినవాడు తీసిన డబ్బు మళ్లీ జేబులో పెట్టుకుని చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోతాడు. అంతే, తెర!

చప్పట్లు బాగానే పడ్డాయి. నేను ఉబ్బిపోయాను. ఇంతలో న్యాయనిర్ణేతల్లో ఒక పెద్దాయన నన్ను పక్కకి పిలిచారు. "నాటిక బాగానే కట్టావు. కానీ దీనివల్ల సమాజానికి ప్రయోజనం ఏమిటి? సందేశం ఏదీ నాయనా?" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. బహుమతీ రాలేదు.

వారం తిరక్కుండా హైదరాబాదులో ఒక నిర్మాతగారికి అదే కథ వినిపించాను. సగం వినగానే ఆయన టీ కప్పు కింద పెట్టి, "సందేశాలొద్దు గురూ! జనం రెండున్నర గంటలు హాయిగా కూర్చుని లేచిపోవాలి. అసలు ఇందులో కాలక్షేపం ఏదీ?" అన్నారు.

చూశారా చిత్రం! ఒకాయనకి అందులో సందేశం కనపడలేదు. ఇంకొకాయనకి సందేశం తప్ప ఏమీ కనపడలేదు. కథ మాత్రం ఒక్కటే!

ఈ తగువు ఇవాళ్టిది కాదు. దుఃఖంలో ఉన్నవాడికీ, అలిసిపోయినవాడికీ నాటకం విశ్రాంతినిస్తుందని నాట్యశాస్త్రం చెప్పింది. మంచి చెడ్డలు నేర్పుతుందనీ చెప్పింది. కావ్యం వల్ల ఏమేం వస్తాయో మమ్మటుడు వరసగా లెక్కవేసి, అందులో కీర్తినీ, డబ్బునీ కూడా చేర్చాడు. ఆ లెక్కన నా పెద్దాయనా, నా నిర్మాతా ఇద్దరూ శాస్త్రం ఒప్పుకున్నవాళ్లే. కాదనడానికి నేనెవణ్ణి?

అయినా మనసు ఊరుకోలేదు. మన తెలుగులో ప్రయోజనం కోసమే రాశానని రచయితే ఒప్పుకున్న నాటకం ఒకటుంది కదా, దాన్నే అడుగుదాం అనుకుని "కన్యాశుల్కం" మళ్లీ తీశాను.

గురజాడ ఆ నాటకం ఊరికే రాయలేదు. విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల జాబితా వేయిస్తే, మూడేళ్లకి 1,034 తేలాయి. వాటిలో ముగ్గురు పెళ్లికూతుళ్ల వయసు ఒక్క ఏడాది! ఈ లెక్కలన్నీ గురజాడే ముందుమాటలో ఇచ్చారు. 1892లో విజయనగరంలో నాటకం ఆడారు, 1897లో అచ్చు వేశారు. ఇంతకంటే స్పష్టమైన ప్రయోజనం ఏ నాటకానికుంది చెప్పండి?

సరే, ఇప్పుడా ప్రయోజనం ఏమైంది? ఆడపిల్లకి వెలకట్టి ముసలివాడికి అమ్మే ఆ ఆచారం ఆ రూపంలో పోయింది. డబ్బు ఇటునుంచి అటు తిరిగి కట్నమై కూర్చుంది. 1929లో శారదా చట్టం వచ్చింది, 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది. నాటకం విలువంతా ప్రయోజనంలోనే ఉంటే "కన్యాశుల్కం" ఈపాటికి మ్యూజియంలో ఉండాలి. కానీ ఏం జరిగింది? 1955లో పి. పుల్లయ్యగారు దాన్ని సినిమా తీస్తే గిరీశంగా ఎన్టీ రామారావు, మధురవాణిగా సావిత్రి వేశారు. జె.వి. రమణమూర్తిగారు దశాబ్దాల తరబడి స్టేజీ మీద గిరీశం వేస్తూనే వచ్చారు. వారి అన్నగారు సోమయాజులుగారు రామప్పపంతులు వేసేవారు. 1980లో "శంకరాభరణం" శంకరశాస్త్రిగా మనందరి చేతా దణ్ణం పెట్టించుకున్న సోమయాజులుగారే!

పోనీ ఇంకోవైపు చూడండి. కట్నం పీడ ఇంకా పోలేదు. అంటే కాళ్లకూరి నారాయణరావుగారి "వరవిక్రయం" ప్రయోజనం ఇవాళ్టికీ బతికే ఉంది. మరి ఆ నాటకం అనగానే మనకి ముందు గుర్తొచ్చేది కట్నం మీద ఉపన్యాసమా? కాదు. పిసినారి సింగరాజు లింగరాజు. 1939లో వచ్చిన సినిమాలో ఆ వేషం బలిజేపల్లి లక్ష్మీకాంతంగారిది. ఆ తర్వాత గుర్తొచ్చేది కాళింది. భానుమతిగారు తెరకి పరిచయమైంది ఆ పాత్రతోనే. మొత్తానికి మనసులో మిగిలేది మనుషులే!

ఇక అసలు సంగతికి వస్తాను. 1909లో గురజాడ "కన్యాశుల్కం" మళ్లీ రాశారు. అయిదంకాల నాటకం ఏడంకాలైంది. పన్నెండేళ్ల తర్వాత కూర్చుని ఆయన పెంచింది దేన్ని? సందేశాన్నా? అది మొదటి కూర్పులోనే కావలసినంత ఉంది. ఆయన పెంచింది మధురవాణిని. మొదట్లో అంతంతమాత్రంగా ఉన్న ఆ వేశ్య, రెండో కూర్పులో కథ పగ్గాలన్నీ చేతిలోకి తీసుకుంది. వేశ్య ముఖం చూడనని వ్రతం పట్టిన సంస్కర్త సౌజన్యారావుపంతులు చివరికి ఆమె దగ్గరే పాఠం నేర్చుకోవలసి వచ్చింది. సంస్కరణ కోసం రాసిన నాటకంలో సంస్కర్తనే నిలబెట్టి ప్రశ్న వేయించడం ఎంత గుండె ధైర్యం!

ఇంకో తమాషా చూడండి. ఆ నాటకంలో వితంతు వివాహం మీద గడగడా లెక్చర్లు దంచేది ఎవరు? గిరీశం! బుచ్చమ్మని లేవదీసుకుపోవడానికి ఆయనకి సంస్కరణ ఒక నిచ్చెన. సందేశం మంచిదే, చెప్పేవాడే గట్టి పిండం. మంచి మాట చెప్పినవాడల్లా మంచివాడు కాదని గురజాడకి తెలుసు. అందుకే ఉపన్యాసాన్ని మోసగాడి నోట్లో పెట్టి, ధర్మాన్ని వేశ్య చేతిలో పెట్టారు. ప్రయోజనం ఆయన్ని కలం పట్టించింది, నిజమే. కలం పట్టాక మాత్రం మనుషుల్ని నిజాయితీగా చూశారు. కాలం మారాక ప్రయోజనం సెలవు పుచ్చుకున్నా, ఆ చూపు ఉండిపోయింది. నాకు తెలిసినంతలో రచనకి అర్థమంటే అదే.

ఇదంతా మీకెందుకు చెబుతున్నానంటే, మొన్న ఇంకో పరిషత్తు నుంచి ఫోనొచ్చింది. "మీ హార్మనీ నాటిక మా దగ్గర ఆడించండి. కాకపోతే చివర్లో కూతురి చేత కళల్ని కాపాడుకోవాలని ఒక పేజీ చెప్పించండి. ప్రైజు మీదే" అన్నాడాయన. ఆశ పుట్టలేదంటే అబద్ధం. ఫ్రీలాన్సు బతుకులో ప్రైజు డబ్బంటే రెండు నెలల ఇంటద్దె.

కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. అప్పుడు పట్టుకున్నాను నా తప్పు. పెద్దాయన అడిగిన ప్రశ్న సరైంది కాకపోవచ్చుగానీ, నాటికలో ఏదో లోటుందని ఆయన ముక్కు సరిగ్గానే పసిగట్టింది. ఎవరి ఫీజు కోసం పెట్టె అమ్ముతున్నారో ఆ పిల్లకి నేనిచ్చింది రెండే రెండు డైలాగులు! మంచినీళ్లు తెచ్చిపెట్టి లోపలికి పోతుంది.

ఉపన్యాసం రాయలేదు. ఆ పిల్లని మాత్రం బయటికి పిలిచాను. వచ్చీ రాగానే తండ్రిని నిలదీసింది. "నన్నడిగి అమ్ముతున్నావా నాన్నా? రేపు నేను ఫెయిలైతే, నీకోసం పెట్టె అమ్ముకున్నానని జన్మంతా అంటావుగా?" ముసలాయన దగ్గర జవాబు లేదు. నిజం చెప్పొద్దూ, నా దగ్గరా లేదు. ఇప్పుడు పెట్టె అమ్మాలో వద్దో నాకే తేలడం లేదు.

ప్రైజు వస్తుందా అంటారా? రాకపోవచ్చు. ఇంటద్దె సంగతి ఇంటివాళ్లతో ఏదో మాట్లాడుకుంటాను. కానీ ఈసారి ఆ పెద్దాయన కనపడి సందేశం ఏదీ అంటే, నోట మాట రాక నిలబడను. "ఆ పిల్ల అడిగినదానికి మీరేం చెబుతారు మాస్టారూ?" అని ఆయన్నే అడుగుతాను.