కడెం వరద తీర్పేనా?

2022 జూలైలో పూర్వ ఆదిలాబాద్ జిల్లాలోని కడెం ప్రాజెక్టుకు 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. గేట్లన్నీ ఎత్తినా వదలగలిగేది దాదాపు 3 లక్షలే. పైగా ఒక గేటు మొరాయించింది. దిగువ పల్లెల ప్రజలు రాత్రికి రాత్రే ఊళ్లు విడిచారు.

ఇలాంటి వేళ కరీంనగర్, ఆదిలాబాద్ సంఘాల్లో రెండు మాటలు వినిపిస్తాయి. పాపులపై తీర్పని కొందరు, లోకాంతానికి సూచనని కొందరు. వెయ్యేండ్ల పాలన అక్షరాలా జరిగేదా, సాదృశ్యమా అన్న వాదమూ అప్పుడే ముదురుతుంది. సెమినరీలో నేనూ ఆ వాదం చేశాను, ఇప్పటికీ తెగలేదు.

సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది మిగతా యెరూషలేము వాసులకన్నా పాపులు కారని ప్రభువు తేల్చిచెప్పాడు (లూకా 13:4). మారుమనస్సు పొందమని హెచ్చరించింది బతికి వింటున్నవారిని! ఇక ఆ దినం తండ్రికే తెలుసు (మత్తయి 24:36). అయినా అమెరికా బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ 2011 మే 21 అని లెక్కగట్టాడు. నమ్మినవారిలో కొందరు దాచుకున్న డబ్బంతా ప్రచారానికే ఖర్చుచేశారు. ఆ రోజు మామూలుగానే గడిచింది.

కడెం ప్రాజెక్టు కొట్టుకుపోలేదు. వరద తీర్పయితే, అది నిలబడడం ఎవరి నీతికి గుర్తు? తీర్పే లేదని నేననను. మత్తయి 25లో రాజు తీర్పు తీరుస్తాడు. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టావా, పరదేశిని చేర్చుకున్నావా అని చూస్తాడు. ఆ రాత్రి మూటలతో ఊరు విడిచినవారికి ఆ రెండూ కావలసి వచ్చాయి.