రావిర్యాల దాకా రోడ్డుంది, తండా దాకా లేదు

పోస్టు కొంచెం పెద్దది, టైం ఉన్నప్పుడు చదవండి.

సంక్రాంతి సెలవులు అయిపోతే చాలు, మన గ్రూపులో ప్రతి ఏడాది ఒకటే ప్రశ్న. "అన్నా, పిల్లల టూరు వండర్‌లాకు పెట్టినం, ఏ రూట్ల పోతే మంచిది?" మొన్న ఎవరో అడిగితే గంటలోపల ఇరవై రిప్లైలు వచ్చినయి. నేను కూడా ఒకటి పెట్టిన. తర్వాత కూసొని మళ్ల చదివితే ఒకటి తట్టింది. అదే ఇక్కడ రాస్తున్న.

ముందు రూటు సంగతి చెప్పేస్త, మళ్ల మళ్ల అడుగుతున్నరు కాబట్టి. భూపాలపల్లి నుంచి వచ్చేవాళ్లు 353సి జాతీయ రహదారి మీద పరకాల, గూడెప్పాడ్ మీదుగా హన్మకొండ చేరుకోవాలె. అక్కడి నుంచి 163 మీద స్టేషన్ ఘన్‌పూర్, జనగామ, ఆలేరు, భువనగిరి, ఘట్‌కేసర్. కోమళ్ల దగ్గర ఒక టోల్, బీబీనగర్ దాటేముందు గూడూరు దగ్గర ఇంకో టోల్. ఘట్‌కేసర్‌ల ఓఆర్ఆర్ ఎక్కి రావిర్యాల ఎగ్జిట్‌ల దిగితే పార్కు అక్కడే. మహబూబాబాద్ వాళ్లకు రెండు దారులున్నయి. తొర్రూరు, పాలకుర్తి మీదుగా జనగామకు వచ్చి 163 ఎక్కుడు ఒకటి. తొర్రూరు నుంచి తిరుమలగిరి, మోత్కూరు, వలిగొండ మీదుగా గౌరెల్లి దగ్గర ఓఆర్ఆర్ చేరుడు రెండోది, అది 930పి. అది ప్యాకేజీల లెక్కన పని చేస్తున్న రోడ్డు, డైవర్షన్లు ఎక్కడున్నయో డ్రైవర్‌ను అడిగి పొండి. బైకుల మీద పోదామనుకునే తమ్ముళ్లకు ఒక మాట. ఓఆర్ఆర్ మెయిన్ రోడ్డు మీదికి బైకులను, ఆటోలను రానియ్యరు. ఉప్పల్, ఎల్బీనగర్ మీదుగా పోవాలె, లేదంటే సర్వీసు రోడ్డు పట్టాలె.

ఇరవై రిప్లైలల్ల ఇదంతా ఉంది. ఎక్కడ టిఫిన్ బాగుంటదో, ఎక్కడ పోలీసులు ఆపుతరో కూడా ఉంది. పిల్లలు బస్సు ఎక్కే జాగ దాకా ఎట్ల వస్తరో మాత్రం ఒక్కరు కూడా రాయలే. నేను కూడా రాయలే. రాయకపోవుడే నాకు గుచ్చుకుంది, ఎందుకంటే నా టూరు నాకు యాదికున్నది.

2017ల నేను తొమ్మిదో తరగతి. పండుగ సెలవులకు ఇంటికి వచ్చి ఉన్నం. టూరు బస్సు రాత్రి 2 గంటలకు మెయిన్ రోడ్డు మీదికి వస్తదని సార్ కబురు పంపిండు. మా తండా నుంచి నలుగురం పోవాలె. చీకట్ల వాగు దాటుడు కాదని పొద్దు గూకకముందే ఎల్లినం. యాడి జొన్నరొట్టెలు కట్టిచ్చింది. ఏడు కిలోమీటర్లకు రెండు గంటలు పట్టింది. మెయిన్ రోడ్డు మీద ఒక కిరాణా దుకాణం అరుగు మీద అర్ధరాత్రి దాకా కూసున్నం, తడిసిన ప్యాంట్లు ఒంటి మీదనే ఆరినయి. తెల్లారినంక ఘట్‌కేసర్‌ల ఓఆర్ఆర్ ఎక్కితే రావిర్యాల అర్ధగంటల వచ్చింది. అప్పుడు నాకు ఆ రోడ్డు చూసి నోరెళ్లబెట్టుడు తప్ప వేరే ఆలోచన రాలే. పార్కుల అలల కొలను ఉంటది కదా, నీళ్లు మీదికి వస్తుంటే అందరు కేకలు పెట్టి నవ్వుతుంటరు. మాతోటి వచ్చిన ఒక పిల్లగాడు దాంట్ల దిగనే దిగలే. వాగు పొంగినప్పుడు వాళ్ల బర్రె కొట్టుకపోయింది అంతకుముందు ఏడాది.

వండర్‌లా హైదరాబాద్‌ల మొదలైంది 2016 ఏప్రిల్‌ల. మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు పుట్టింది 2016 అక్టోబర్ 11న. ఒక్క ఈడు వాళ్లే అన్నట్టు. జిల్లాలైతే ఆఫీసులు దగ్గరికొస్తయి, రోడ్లు వస్తయి అన్నరు. ఆఫీసులు వచ్చినయి. పెద్ద రోడ్లు కూడా వచ్చినయి, కాదనను. 163 నాలుగు లైన్లు అయ్యింది. జనగామ నుంచి హైదరాబాద్ పోవుడు ఇప్పుడు పెద్ద ముచ్చట కాదు.

"గ్రీన్‌ఫీల్డ్ హైవే వస్తుంది కదా, మన జిల్లాల దశ తిరుగుతది" అని ఒక అన్న రాసిండు. 163జీ గురించి ఆయన మాట. నాగ్‌పూర్ విజయవాడ కారిడార్‌ల అది భాగం. 108 కిలోమీటర్ల మంచిర్యాల వరంగల్ ముక్కకు 2023 జులై 8న వరంగల్‌ల ప్రధాని శంకుస్థాపన చేసిండు. భూపాలపల్లి జిల్లా నుంచి, కింద మహబూబాబాద్ జిల్లా నుంచి పోతది. అన్నకు నా జవాబు ఇది. ఆ రోడ్డు మన పొలాల మీదినుంచి పోతది గానీ, మన పొలం గట్టు మీదినుంచి దాన్ని ఎక్కలేం. యాక్సెస్ కంట్రోల్ అంటే అదే. ఇంటర్‌ఛేంజ్ ఎక్కడుంటే అక్కడికి పోయి ఎక్కాలె. మధ్యల ఊళ్లకు కింద అండర్‌పాస్. లారీ మంచిర్యాల నుంచి విజయవాడకు తొందరగా పోతది, మంచిదే. కానీ దాన్ని తండాల అభివృద్ధి కింద లెక్క రాయకండి. భూమి ఇచ్చేటోడు ఒకడు, బండి నడిపేటోడు ఇంకొకడు.

ఇంకో పోలిక. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఫ్లైఓవర్ 2018ల మొదలైంది, ఆరు కిలోమీటర్ల పైచిలుకు. ఏడేండ్లు దాటినా పూర్తి కాలే. దాని మీద ఎన్ని వార్తలు, ఎన్ని ట్రోల్ వీడియోలు! మనోళ్లు కూడా షేర్ చేసిండ్రు. తప్పులేదు, ఆ దుమ్ము మనం కూడా మింగినం. కానీ మన గంగారం, కొత్తగూడ, మహాముత్తారం, పలిమెల దిక్కు గూడేలకు అంతే పొడుగు రోడ్డు ఆగితే ఎన్ని వీడియోలు చేసినం? ఓఆర్ఆర్‌ను 2023ల ముప్పై ఏండ్లకు 7,380 కోట్లకు లీజుకు ఇచ్చిండ్రు. పైసలు వచ్చే రోడ్డుకు గుంత పడితే చూసుకునేటోడు ఉంటడు. పీఎంజీఎస్‌వై రోడ్డుకైతే కాంట్రాక్టర్ ఐదేండ్లు మెయింటెనెన్స్ చూడాలని రూలు ఉంది. ఆ ఐదేండ్లు ఎప్పుడు మొదలైనయో, ఎప్పుడు అయిపోతయో రోడ్డు పక్క బోర్డు మీదనే ఉంటది. ఆ బోర్డును ఫొటో తీసినోళ్లు మనల ఎందరు?

టూరు కోసమే అయితే ఇంత రాయకపోదును. 2023 జులై 27న మోరంచ వాగు పొంగి భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి మొత్తం మునిగింది. అది అడవిల ఉన్న ఊరు కాదు, పరకాల రోడ్డు మీద ఉన్న ఊరు. జనం బంగ్లాల మీదికెక్కి చేతులూపితే హెలికాప్టర్లు వచ్చినయి. 2024 సెప్టెంబర్ 1న మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం దగ్గర ఆకేరు వాగు ఒక కారును తీసుకపోయింది. అండ్ల ఉన్నది ఖమ్మం జిల్లా తండాల పుట్టి, చదువుకుని, వ్యవసాయ శాస్త్రవేత్త అయిన మన అక్క, వాళ్ల నాన్న. ఆమె డ్యూటీకి పోవాలె, హైదరాబాద్‌ల ఫ్లైట్ పట్టుకోవాలె. పేరు ఇక్కడ రాయను, ఈ గ్రూపుల తెల్వనోళ్లు లేరు. ఆ వారం అందరం డీపీలు మార్చినం. తర్వాత మన మండలాలల్ల ఏ వాగు మీద లోలెవల్ వంతెన ఉందో, ఏది మునుగుతదో ఒక లిస్టు తయారుచేద్దామని ఎవరో అన్నరు. ఆ లిస్టు ఇప్పటికీ తయారు కాలే. అన్నోళ్లల్ల నేను కూడా ఉన్న.

మహిళలకు ఫ్రీ బస్సు 2023 డిసెంబర్ 9 నుంచి నడుస్తుంది. మా యాడికి జీరో టికెట్ అంటే ఏందో తెలుసు. కానీ ఆ టికెట్ తీసుకోవాలంటే ఏడు కిలోమీటర్లు రావాలె. నెలలు నిండిన ఆడబిడ్డను దవాఖానకు తీసుకపోవాలన్నా అంతే. ఆటోవాడు మెయిన్ రోడ్డు కాడనే ఆగుతడు.

ఇగ రోడ్డు ఎందుకు లేదంటే మనకు మూడు జవాబులు చెప్తరు. మొదటిది జనాభా. పీఎంజీఎస్‌వైల మైదానం ఊళ్లకు 500 మంది ఉండాలె, షెడ్యూల్డ్ ప్రాంతమైతే 250. 2024ల ఒప్పుకున్న నాలుగో దశకు కూడా 2011 జనాభా లెక్కలే కొలత. జనగామ తండాలు మైదానం లెక్కల్నే వస్తయి. 2011ల 470 మంది ఉన్న తండాల ఇప్పుడు ఎందరున్నరో కాయితం అడగదు. రెండోది స్కీము. పీఎం జన్‌మన్ రోడ్లు పీవీటీజీలకు, అంటే మన రాష్ట్రంల చెంచు, కొలాం, తోటి, కొండరెడ్లకు. వాళ్లకు రావాల్సిందే, దాని మీద మనకు కుళ్లు వద్దు. కానీ ఆ పేరు చెప్పి మన దగ్గర కోయ గూడేనికో లంబాడ తండాకో "మీకు కూడా వస్తది" అని ఎవరన్నా మాట ఇస్తే నమ్మకండి. (లంబాడ, ఆదివాసీ పంచాయితీ ఈ పోస్టు కింద పెట్టకండి, బతిమాలుకుంటున్న. వాగు దాటేటప్పుడు ఎవరూ సర్టిఫికెట్ అడగరు.)

మూడో జవాబు ఫారెస్టు. మనం ఎక్కువ వినేది ఇదే, ఊకె తల ఊపి ఇంటికొచ్చేది కూడా దీనికే. "ఫారెస్టోళ్లు పర్మిషన్ ఇస్తలేరు, ఢిల్లీకి పోవాలె" అంటరు. పెద్ద హైవేకు నిజమే, 1980 అటవీ సంరక్షణ చట్టం కింద పైదాకా పోవాలె. కానీ తండా రోడ్డుకు వేరే దారి చట్టంలనే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం, సెక్షన్ 3(2). బడి, అంగన్‌వాడీ, దవాఖాన, కరెంటు లైను, తాగునీళ్లు లాంటి 13 రకాల సర్కారు సౌకర్యాలకు అటవీ భూమి ఇయ్యొచ్చని అది చెప్తుంది. ఆ 13ల రోడ్డు ఉంది. షరతులు రెండే. ఒక్కో పనికి భూమి హెక్టారు లోపల ఉండాలె, హెక్టారుకు 75 చెట్ల కన్నా ఎక్కువ కొట్టొద్దు. ముందు గ్రామసభ సిఫారసు చెయ్యాలె. 2009 మే 18న కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ దీనికి పద్ధతి కూడా ఇచ్చింది. రోడ్డు వేసే శాఖ ఫారం ఎ నింపి, గ్రామసభ తీర్మానం జత చేసి రేంజ్ ఆఫీసర్‌కు ఇయ్యాలె. ఆయన జాగ చూసి రిపోర్టు రాస్తడు, డీఎఫ్ఓ ఒప్పుకుంటే అయిపోయింది. ఒప్పుకోకపోతే జిల్లా స్థాయి కమిటీకి పోతది, దానికి కలెక్టరే పెద్ద. ఢిల్లీ లేదు మధ్యల. (పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాల లోపల అయితే వన్యప్రాణి చట్టం కూడా అడ్డం వస్తది, అది వేరే లెక్క.)

హెక్టారు అంటే ఎంత రోడ్డు వస్తది అని ఒకసారి లెక్క కట్టిన. పది వేల చదరపు మీటర్లు. రోడ్డు 3.75 మీటర్ల వెడల్పు పెట్టుకుంటే 2,600 మీటర్ల పొడుగు దాటుతది. పక్కలు కలిపి ఆరు మీటర్లు తీసుకుంటే 1,600 మీటర్ల పైన. మన మండలాలల్ల ఆగిపోయిన రోడ్లల్ల అడవి ముక్క చాలాచోట్ల ఇంతకంటే పొడుగు ఉండదు, ముందటా ఎనుకా తారు వేసి మధ్యల వదిలిపెట్టిన జాగలు మీరే చూసి ఉంటరు. అంటే చట్టం అడ్డం లేదు. కాయితం కదలలే. 2018ల 500 దాటిన తండాలు పంచాయతీలు అయినయి కాబట్టి సభ పెట్టుకునుడు కూడా ఇదివరకటంత కష్టం కాదు. సభకు సగం మంది కన్నా తక్కువ వస్తే మాత్రం తీర్మానం చెల్లదు, అది యాదికి పెట్టుకోండి.

మనం గ్రూప్స్‌కు అప్లై చేస్తం, స్కాలర్‌షిప్ రెన్యువల్ అర్ధరాత్రి సర్వర్ దగ్గర కూసొని చేస్తం. ఈ ఫారం ఎ అనేది ఒకటుందని నాకు పీజీకి వచ్చేదాక తెల్వది. తెల్వనందుకు సిగ్గుపడుతున్న.

మా తండా పెద్దమనిషికి ఇది చెప్తే ఆయన వెంటనే సంబరపడలే. "రోడ్డు వస్తే బస్సొక్కటే వస్తదా బిడ్డా, మహాదేవపూర్ దిక్కు ఇసుక లారీలు చూడలేదా" అన్నడు. చూసినం. కాటారం రోడ్డు మీద రాత్రిపూట ఆ లారీల ముందు బైకు నడిపినోళ్లకు తెలుసు ఆయన భయం ఉత్తది కాదని. మన సీనియర్లల్ల కొందరు కూడా ఇదే మాట మీద రోడ్డే వద్దంటరు. నేను ఒప్పుకోను. రోడ్డు లేకపోతే లారీ ఆగుతదేమో, అంబులెన్సు కూడా ఆగుతది. లారీల భయం ఉంటే తీర్మానంలనే రాద్దాం. ఎంత వెడల్పు, ఎక్కడిదాకా, ఏ బండ్లు రావొద్దు అని. ఆ రాత అధికారులను ఎంత కట్టిపడేస్తదో ఇప్పుడే చెప్పలేను, కానీ అసలు రాయకుండ వచ్చే రోడ్డు కన్నా అది నయం. పెద్దమనిషి సగం ఒప్పుకున్నడు. సభ నాడు మిగతా సగం చూద్దాం అన్నడు.

మా తండా పని మొదలుపెట్టినం. ఏడు కిలోమీటర్లల్ల ఐదు దాకా ఇప్పుడు తారే, మధ్యల అడవి ముక్క టేపు పట్టి కొలిస్తే 2,100 మీటర్లు వచ్చింది. నాలుగున్నర మీటర్ల వెడల్పు అడిగితే 9,450 చదరపు మీటర్లు, హెక్టారు లోపలనే. చెట్ల లెక్క మిగిలింది. వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి నలుగురం పోతున్నం. సున్నం డబ్బా, బ్రష్ మా దగ్గర ఉన్నయి. చెట్టు పేర్లు గుర్తుపట్టేటోళ్లు ఒక ఇద్దరు కావాలె, వచ్చేటోళ్లు కామెంట్ల రాయండి. వాగుల నీళ్లు మోకాలి కిందనే ఉన్నయి.