చవక వేరు, నాసి వేరు



ఏదన్నా చవగ్గా దొరికితే అందులో ఏదో లోపం ఉంటుందని మనకో నమ్మకం. కొనేటప్పుడు అలా అనుకుంటే పోయేదేం లేదు. అమ్మేటప్పుడు కూడా "రేటే లేదు, ఇంక పేరెందుకు, గ్రేడెందుకు" అనుకుంటున్నాం చూడండి, అక్కడ దెబ్బ తింటున్నాం.

చిలీ దేశం ఎర్ర వైను సంగతి చెబుతాను. తాగమని కాదండోయ్, రైతు కన్నుతో చూడమని. అమెరికాలో పది, పన్నెండు డాలర్లకే మంచి సీసా వస్తుంది. మన దేశానికొచ్చేసరికి నూటికి 150 సుంకం పడి అదే ఖరీదైపోతుంది. మా చుట్టాలు తెస్తే రుచి చూశాను. కార్మెనేర్ అనే రకం. మొదటి గుటక నేరేడు పండులా వగరు, తర్వాత పచ్చి కాప్సికం వాసన. తీపి ఉండదు. అన్నంతో పాటు కొంచెం కొంచెంగా తాగితే బాగుంటుంది.

ఆ ద్రాక్ష కథ మనం వినాల్సిందే. దాని పుట్టిల్లు ఫ్రాన్సు. 19వ శతాబ్దంలో వేరు పేను పట్టి అక్కడి తోటలు నాశనమయ్యాయి. అంతకుముందే చిలీకి చేరిన మొక్కలు బతికిపోయాయి. ఆ పురుగు అక్కడికి రాలేదు. తెల్లదోమతో అవస్థ పడుతున్న మనకి ఆ విలువ తెలుసు. చాలా కాలం చిలీ వాళ్ళు దాన్ని మెర్లో అనే వేరే రకం అనుకునే అమ్మారు. 1994లో ఫ్రాన్సు శాస్త్రవేత్త బూర్సికో చూసి అది కార్మెనేర్ అని తేల్చాడు. అప్పట్నుంచి సొంత పేరుతో అమ్ముకుంటున్నారు. చెట్టు అదే, నేల అదే. పేరు పెట్టాకే గుర్తింపు.

1883లో మొదలైన కొంచా య్ తోరో అనే కంపెనీ వైను ఒకటుంది, పేరు "దెయ్యం కొట్టు". కొట్లో సీసాలు దొంగలు ఎత్తుకుపోతుంటే, లోపల దెయ్యం ఉందని యజమాని పుకారు పుట్టించాడట. ఆ కథే ఇవాళ సీసా మీద అమ్ముడవుతోంది. దాంతోపాటు ఏ లోయలో పండిందో, ఏ ఏడాది కాపో కూడా రాస్తారు.

మరి మన కాయ? అంబాజీపేట మార్కెట్ నుంచి లారీ ఎక్కాక అది ఏ ఊరి కాయో ఎవరికి తెలుసు? పేరు వల్ల ఉపయోగం లేదంటారా? మన జిల్లాలోనే ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

తాగే సరుకు మన చెట్టూ ఇస్తుంది. విచ్చని పూగుత్తి నుంచి తీసిన నీరాని చల్లగా ఉంచితే పులవదు. కాసరగోడు పరిశోధనా కేంద్రం వాళ్ళు ఐసు పెట్టెతో దాన్ని పట్టే పద్ధతి చూపించారు, "కల్పరస" అని పేరు పెట్టారు. దాంతో బెల్లం, చక్కెర కూడా వస్తాయి. కేరళలో 2014లోనే నీరాకి దారి తెరిచారు. ఇక్కడ అనుమతులు, గీత పనివాళ్ళు, ఐసు ఖర్చు ఉన్నాయి. ఒక్కడి వల్ల కాదు. పదిమంది కలిస్తే మన ఊళ్ళోనే ఉన్న ఉద్యాన పరిశోధనా స్థానానికి వెళ్ళి అడగొచ్చు.

నీరా రేపటి మాట. ఇవాళ చేయగలిగింది ఒకటుంది. కాయ సైజు వారీగా వేరుచేసి, సంచి మీద ఊరి పేరు వేసి పంపుదాం. ధర తక్కువైనా సరే, నాణ్యత తగ్గకుండా. కొన్నవాడు రెండోసారి పేరు పెట్టి అడిగిన రోజున బేరం మన చేతికొస్తుంది.

మీరేమంటారండీ?