‘ఇంటికి తీస్కపోండి’ అన్నంక యాడికి పోవల్ల?

బెళుగుప్ప పక్క కేన్సరొస్తే చానామంది బెంగళూరు బస్సెక్కుతారు. కీమో, కరెంటు అన్నీ అయినంక డాక్టరు ‘ఇంగ ఇంటికి తీస్కపోండి’ అంటాడు. అసలు కష్టం ఆడ మొదలైతాది. శెనక్కాయ అప్పు తీరని ఇంట్లో నాయిన రేత్రంతా మూలుగుతాంటే, పిల్లోల్లు ఇంగో పెద్దాసుపత్రి ఐసీయూ వెతుకుతారు. బిల్లయితే పెరుగుతాది, మరి నొప్పి?

నయం కాదని తేలినంక నొప్పి, ఆయాసం తగ్గించి చూసుకునే చోటును హాస్పిస్ అంటారు. బెంగళూరులో కరుణాశ్రయ 1999 నుంచి కేన్సరు ముదిరినోళ్లను పైసా తీసుకోకుండా చూస్తాంది. పోయే ముందు జాగా ఉండాదా అని ఫోన్ చేయండి. అంతకంటే ముందు నాయిన్నే అడగండప్పా, యాడ ఉండాలనుందో. మనం అందర్నీ అడుగుతాం, ఆయన్ను తప్ప.

యాడ చూపించినా మూడు మాటలు అడగల్ల. మార్ఫిన్ ఇస్తారా? నర్సు ఇంటికొస్తాదా? అర్ధరాత్రి ఫోనెత్తేదెవరు? మార్ఫినంటే మత్తుమందని జడుస్తారు గానీ, డాక్టరు కొలతతో ఇస్తే అది నొప్పి మందే. 1985 మత్తుమందుల చట్టంతో ఆసుపత్రులకు దాన్ని తెచ్చుకోవడం పెద్ద తిప్పలైంది. 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించి లైసెన్సుల గోల తగ్గించింది. అయినా ఆ మాత్ర ఢిల్లీ కాగితం మీద ఉంటే సాలదు, మన మండలం దాకా రావల్ల.

కేరళ 2008లోనే దీనికి పాలసీ చేసింది. ఆడ పంచాయతీల తోడుతో నర్సులు మంచాన పడినోళ్ల ఇండ్లకే పోతారు. మన పీహెచ్‌సీ నుంచి ఎందుకు రాకూడదు? ఊర్లో ఎంతమంది మంచాన ఉండారో ఏఎన్‌ఎం అక్కకు తెలుసు. ఆ లెక్క పట్టుకోని వచ్చే గ్రామసభకు పోండి.