మగ్గమున్న ఇంటికి ఒక దినచర్య

షోలాపురము, భివండి, కంచి, సేలము, బెంగుళూరు, బరంపురము - ఎక్కడ చూచినను మన తెలుగు నేతకుటుంబములు తరతరములుగా స్థిరపడి యున్నవి. చుట్టుప్రక్కల వినబడు భాష వేరు, నేయు సరకు వేరు. ఒకచోట చద్దరు, ఒకచోట పట్టుచీర, ఇంకొకచోట పంచె. కొన్ని తావుల చేతిమగ్గము పోయి మరమగ్గము వచ్చినది. అయినను పెక్కిండ్లలో మారనిది ఒకటి కలదు. మన పనియు, మన కాపురమును ఒకే కప్పు క్రింద సాగుచున్నవి. మగ్గపు గుంటకు నాలుగడుగుల దూరమున పొయ్యి, పొయ్యి ప్రక్కన పిల్లల పుస్తకములు, వాని మీద ఆరవేసిన బట్టలు. కావున ఇల్లు చిక్కుపడినచో నేత కూడ చిక్కుపడును.

నూలు ధర, రంగుల ధర, మజూరి, వస్తుసేవల పన్ను, మరమగ్గపు పోటీ - వీనిని గూర్చి సంఘములు మహజరులు పంపుచునే యున్నవి, పంపవలసినదే. కాని ఆ నిర్ణయములు మన చేతిలో లేవు. తెల్లవారి లేచినది మొదలు రాత్రి దీపమార్పు వరకు మన ఇంటిలో పని ఎట్లు నడువవలెనన్నది మాత్రము మన చేతిలోనిదే. పెద్ద ఖర్చు లేకుండ, ఎవరి అనుమతియు అడుగకుండ మనము చేసికొనగల సంస్కరణ ఇది. అందుచేత దీనిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ముందు కాలము లెక్క చూతము. నేయుచుండగా కండెలు అయిపోవును; చుట్టి యిచ్చు మనిషి నీళ్లకు వెళ్లి యుండును. పోగు తెగును, కత్తెర కనబడదు, పాలపొట్లము కోయుటకు ఎవరో తీసికొనిపోయి యుందురు. నూనెసీసా కొరకు ఒకసారి, కళ్లజోడు కొరకు ఒకసారి వెదకులాట. ఒక్కొక్కటి ఐదు నిమిషములే. రోజునకు ఇట్టివి 8 కలిగినచో 40 నిమిషములు. నెలకు 25 పనిదినములనుకొన్నచో 1000 నిమిషములు, అనగా 16 గంటల 40 నిమిషములు. రోజునకు 8 గంటల నేతగా లెక్కించినచో నెలకు రెండు దినముల మజూరి గాలికి పోయినట్లే. దీనిని షావుకారు కోయలేదు, సర్కారు పట్టుకొనలేదు. మన ఇంటిలోనే పోయినది.

ఇచట "ఇల్లు చూచి ఇల్లాలిని చూడు" అను సామెతను ఎత్తి, తప్పంతయు ఆడవారి మీద పెట్టువారు కలరు. ఆ మాటను మేము అంగీకరింపము. 2019-20 నాటి నాల్గవ అఖిలభారత చేనేత గణన ప్రకారము దేశములో చేనేత పనివారు 35 లక్షలకు పైబడి యుండగా, వారిలో నూటికి 72 మంది స్త్రీలే. మన ఇండ్లలో చిలపలు ఆరవేయునది, కండెలు చుట్టునది, పిలిచిన వెంటనే పొయ్యి విడిచి మగ్గము దగ్గరకు వచ్చునది ఆమెయే. కంచిపట్టులో అంచును ఒంటికి కలుపు కోర్వై నేతకు రెండవ మనిషి చేయి కావలెను. ఆ చేయి పెక్కుసార్లు ఇల్లాలిదే. షోలాపురములో మన స్త్రీలు ఎందరో ఇంటిపనికి తోడు బీడీలు చుట్టి సంసారమును నిలుపుచున్నారు. ఇన్ని పనులు చేయు మనిషిని ఇల్లు సర్దలేదని అనుట న్యాయము గాదు. నేతవారి వరకైనను ఆ సామెతను "ఇల్లు చూచి ఇంటివారందరిని చూడు" అని మార్చుకొనవలెను.

కష్టమును కష్టముగా గుర్తించిననాడే దానికి ఉపాయము తోచును. తెలంగాణములో ఆలేరు ప్రాంతపు శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశముగారి సంగతి మనవారిలో చాలమందికి తెలిసినదే. పోచంపల్లి రకము చీరలకు ఆసు పోయుటలో వారి తల్లి లక్ష్మిగారు చేతిని వేలసార్లు అటునిటు త్రిప్పవలసి వచ్చి భుజపు నొప్పితో బాధపడుచుండిరి. అది చూడలేక కుమారుడు ఏండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసుయంత్రమును సిద్ధము చేసిరి. ఒక చీరకు నాలుగైదు గంటలు పట్టు పని సుమారు గంటన్నరకు దిగినది. 2017లో ప్రభుత్వము వారికి పద్మశ్రీ ఇచ్చి గౌరవించినది. మనమందరము యంత్రములు కనిపెట్టలేము. కాని "ఆడవారికి నొప్పులు మామూలే" యని ఊరకుండక, ఆ నొప్పి ఎందువలన వచ్చుచున్నదో చూచుట ప్రతి ఇంటను సాధ్యమే. ఆ చూపుతోనే క్రింది అలవాట్లను సూచించుచున్నాము.

మొదటిది కండెల సంగతి. రేపటికి కావలసిన కండెలు నేటి రాత్రియే బుట్టలో సిద్ధముగా నుండవలెను. భోజనమైన తరువాత అరగంట సేపు ఇంటిలోని పెద్దవారందరును, మగవారితో సహా, రాట్నము దగ్గర వంతులు వేసికొనవలెను. చదువుకొను పిల్లలను మాత్రము పుస్తకము మూయించి రాట్నమునకు కూర్చుండబెట్టరాదు. మోటారు రాట్నము కొన్నవారికి శ్రమ తగ్గును, నిజమే. అయినను రాత్రియే చుట్టి పెట్టు అలవాటు లేనిచో, మోటారు ఉన్న ఇంట కూడ ఉదయము మగ్గము ఆగియే యుండును.

రెండవది, వస్తువునకు చోటు. కత్తెర, కుంచె, నూనెసీసా, కొలతకర్ర, కళ్లజోడు - వీనికి మగ్గము ప్రక్క గోడకు మేకులు కొట్టి అచటనే తగిలింపవలెను. చిక్కునూలునకు, తెగిన పోగులకు ఒక సంచి వ్రేలాడవలెను. వంటకు వేరు కత్తెర కొనుడు. దాని ఖరీదు ఒక్కపూట కలహము కంటె తక్కువ.

మూడవది పొయ్యి. వండిన పూటకు ఇంటివారందరును ఒకేసారి కూర్చుండి తినవలెను. ఒకరికి తొమ్మిదింటికి, ఒకరికి పదకొండింటికి, మగ్గము దిగినవానికి రెండింటికి వడ్డించుచుండినచో ఇల్లాలి ప్రొద్దంతయు ముక్కలైపోవును. తిన్న కంచము తిన్నవారే కడుగుకొనవలెను. "మగవాడు కంచము కడుగుటయా" అని పెద్దలు కొందరు అందురేమో. రోజంతయు ఒక్కొక్క పోగును సరిచేయు చేతికి కంచము బరువు గాదు.

నాల్గవది లెక్క. నూలు, జరీ తెచ్చిన దినముననే తూచి తేదీతో వ్రాయవలెను. బట్ట అప్పగించునపుడు దాని బరువు, మిగిలిన నూలు, రావలసిన మజూరి, తీసికొనిన బయానా - ఈ నాలుగు గళ్లు చాలును. నేడు పెక్కుచోట్ల డబ్బు ఫోనులోనే వచ్చుచున్నది. చేతికి తగులని డబ్బు త్వరగా మరపునకు వచ్చును గనుక ఆ వేళనే పుస్తకమునకు ఎక్కింపవలెను. వారమునకొకసారి భార్యాభర్తలు కలిసి కూర్చుండి చూడవలెను. బయానా ఎంత పేరుకొన్నదో తెలియనివారు షావుకారును విడిచిపోలేరు. మజూరి పెంచుమని గట్టిగా అడుగలేరు. పెండ్లికని తీసికొనిన మొత్తము, ఆ పెండ్లిలో పుట్టిన సంతానము మగ్గమెక్కు నాటికిని తీరకపోవుట మనలో క్రొత్త సంగతి గాదు. పుస్తకము సరిగా నున్నచో విందునకు ఎన్ని విస్తళ్లు వేయవలెనో అదియే చెప్పును.

ఐదవది సెలవు. వారమునకొక పూట మగ్గము ఆపి, గుంట ఊడ్చి, దుమ్ము దులిపి, తాళ్లు చూచుకొనవలెను. తెగబోవు తాడును ముందే మార్చినవాడు సగము నేసిన చీరను పాడుచేసికొనడు. ఆ పైన మిగిలిన కాలము విశ్రాంతి. ఈ విశ్రాంతి ఆడవారికి కూడ దక్కవలెను. మగవానికి సెలవు, ఆడదానికి పెద్దవంట యైనచో అది ఇంటికి సెలవు గాదు.

"ఒక్క గది ఇంటిలో ఇవి సాగునా" అని అడుగువారు కలరు. పది గదుల ఇంటిలో వస్తువు ఎచటనున్నను ఒకరి కాలికి తగులదు. ఒక్క గదిలోనే క్రమము అధికముగా కావలెను. "రాట్నము త్రిప్పుచు కూర్చున్నచో మగవాని మజూరి తగ్గదా" అనునది రెండవ ప్రశ్న. మేము చెప్పు అరగంట మగ్గము దిగిన తరువాతిది. అందువలన మరునాడు మగ్గము ఆగదు గనుక మజూరి పెరుగునే గాని తగ్గదు.

ఇంకొక మాట. పైన చెప్పిన గణనలో నేసినవారినే గాక, కండెలు చుట్టుట, పడుగు సిద్ధపరచుట మొదలగు అనుబంధపు పనులు చేయువారిని కూడ పనివారుగా వ్రాసికొనిరి. సర్కారు లెక్కలో పనిమంతురాలైన స్త్రీ, సొంత ఇంటి లెక్కలో "ఊరకే ఇంటిలో నున్నది" అనిపించుకొనరాదు. ఇంటి పుస్తకములో ఆమె పనికి కూడ ఒక గడి గీయుడు. బయట కూలికి ఇచ్చినచో ఆ కండెలకు ఎంత ఇచ్చి యుందుమో ఆ మొత్తమును ఆ గడిలో వ్రాయుడు. సంఘమున చేరుటకు, చేనేత గుర్తింపు కార్డునకు అర్హత గలచోట ఆమె పేరు కూడ ఎక్కింపుడు.

అన్నియు ఒక్కసారిగా పట్టినచో నాలుగు దినములకే విడిచిపోవును. కావున ఈ నెల కండెలతో ప్రారంభింపుడు. మగ్గము ఆగినపుడెల్ల గోడ మీద ఒక గీత గీయుడు. నెలాఖరున గీతలు లెక్కించి, తగ్గినచో రెండవ అలవాటునకు పొండు. ఏ ఇంటనైన ఇంతకంటె మేలైన ఉపాయము నడుచుచున్నచో మాకు వ్రాయుడు. ఈ పత్రిక ద్వారా పది ఇండ్లకు తెలియజేయుదుము.