చిన్న ట్యాబా? పెద్ద ట్యాబా?

వార్షికోత్సవ సంచికకు వ్యాసం అనగానే విద్య గొప్పతనం గురించో, క్రమశిక్షణ గురించో రాయడం మనకు అలవాటు. నేను ట్యాబ్ గురించి రాస్తున్నాను. ఈ ఏడాది చెల్లెళ్లు నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న అదే మరి. "అక్కా, ఎనిమిదిన్నర అంగుళాలది కొనమంటావా, పదకొండుదా?" స్కాలర్‌షిప్పు డబ్బులు పడిన మర్నాటి నుంచి గదుల్లో ఇదే చర్చ. ఇది తీరికగా అడిగే ప్రశ్న కాదు. మా ఇంట్లో డిగ్రీ చదివినదాన్ని నేనే మొదటిదాన్ని. మా అమ్మ మిరప కోతలకు ఎన్ని రోజులు పోతే ఒక ట్యాబ్ డబ్బులవుతాయో నాకు లెక్క తెలుసు. ఒకసారి కొంటే మళ్లీ నాలుగైదేళ్ల దాకా ఇంకొకటి కొనలేం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎవరికి వారు కొనుక్కునేదైతే చిన్నదే కొనండి. పెద్దది కొనాల్సింది హాస్టల్.

కంపెనీలు చెప్పే అంగుళాలు తెర ఒక మూల నుంచి ఎదుటి మూలకు కొలిచినవి. 8.7కూ 11కూ తేడా రెండుంబావే కదా అనిపిస్తుంది. వైశాల్యం లెక్క కట్టి చూస్తే చిన్నది సుమారు 33 చదరపు అంగుళాలు, పెద్దది 54. అందుకే దుకాణంలో పక్కపక్కన పెడితే మనసు పెద్దదాని మీదికే పోతుంది. కానీ మన చేతుల్లోని ఆరున్నర అంగుళాల ఫోను తెర 16 చదరపు అంగుళాలే. చిన్న ట్యాబ్ కూడా ఫోనుకు రెట్టింపు. "అది పెద్ద ఫోనే కదే" అని వెక్కిరించేవాళ్లకు ఈ లెక్క చూపించండి.

పెద్దది కొనమనేవాళ్ల మాటలోనూ బలం ఉంది. మనకు దొరికే నోట్సు, పాత ప్రశ్నపత్రాలు ఎక్కువగా ఏ4 సైజు పీడీఎఫ్‌లే. ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు. పదకొండు అంగుళాల ట్యాబ్‌ను నిలువుగా పట్టుకుంటే తెర వెడల్పు దాదాపు 15. అంటే 12 పాయింట్ల అక్షరం ఎనిమిదిన్నర పాయింట్లలా కనిపిస్తుంది. చిన్నదాంట్లో వెడల్పు 11 సెంటీమీటర్లే కాబట్టి అదే అక్షరం ఆరున్నరకు దిగిపోతుంది. ఇంగ్లీషయితే ఎలాగో నెట్టుకు రావచ్చు. తెలుగు అలా కాదు. మనకు పైన గుడులు, కింద ఒత్తులు. 'ధ'కూ 'థ'కూ తేడా కడుపులో ఒక చుక్క, ఆ చుక్క కాస్తా మాయమవుతుంది. పైగా చవక చిన్న ట్యాబ్‌లలో తెర నాణ్యత కూడా తక్కువ. 2023లో వచ్చిన శామ్‌సంగ్ ట్యాబ్ ఏ9 తెరలో 1340 అడ్డంగా, 800 నిలువుగా చుక్కలుంటే, పెద్దదైన ఏ9 ప్లస్‌లో 1920, 1200 ఉన్నాయి.

దీనికి విరుగుడు మన చేతిలోనే ఉంది. ట్యాబ్‌ను అడ్డంగా తిప్పండి. చిన్నదాని వెడల్పు 19 సెంటీమీటర్లవుతుంది, అక్షరం ఇంచుమించు కాగితం మీద ఉన్నంత కనిపిస్తుంది. పేజీలో సగం కన్నా తక్కువే ఒక్కసారి కనబడుతుంది, వేలితో పైకి జరుపుకుంటూ పోవాలి. పాఠం చదవడానికి అదేం పెద్ద కష్టం కాదు. పటాలు, పట్టికలు, రెండు వరుసల్లో అచ్చయిన ప్రశ్నపత్రాలకు మాత్రం విసుగే. నాది ఎం.ఏ. ఎకనామిక్స్. గ్రాఫు ఒకచోట, దాని వివరణ ఇంకోచోట ఉంటే చిన్న తెర మీద ఎంత చిరాకో నన్నడగండి.

అయినా చిన్నదే అంటున్నానంటే కారణం మన బతుకు తీరు. మనం చదివేది టేబుల్ ముందు కూర్చుని కాదు. చాప మీద, ట్రంకు పెట్టెకు ఆనుకుని, మెస్ దగ్గర వరుసలో నిలబడి, పండక్కి ఊరెళ్లే బస్సులో. ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో నోట్సు రాసుకోవాలి. ఏ9 బరువు 332 గ్రాములు, ఏ9 ప్లస్ 480. కవరు తొడిగితే పెద్దది అరకిలో దాటిపోతుంది. పడుకుని చదువుతూ నిద్రలో ముఖం మీద పడేసుకున్న వాళ్లకు ఆ తేడా బాగా తెలుసు!

ఇక ప్లగ్గు సంగతి. పదిమందికి ఒక ప్లగ్గున్న గదిలో ఎవరి చార్జింగ్ ఎంతసేపన్నది చిన్న విషయం కాదు, స్నేహాలు చెడతాయి. చిన్నదాని బ్యాటరీ 5100 ఎంఏహెచ్, పెద్దదానిది 7040. రెండూ చార్జయ్యే వేగం 15 వాట్లే. కాబట్టి పెద్దది అంత ఎక్కువసేపు ప్లగ్గును పట్టుకుని కూర్చుంటుంది.

చిన్న ట్యాబ్ పనికిరాదని 2010లో స్టీవ్ జాబ్స్ అంతటివాడే ఎగతాళి చేశాడు. ఆయన పోయిన మరుసటి ఏడాది, 2012లో, ఆపిల్ కంపెనీయే 7.9 అంగుళాల ఐప్యాడ్ మినీ తెచ్చింది. చేతిలో ఇమిడే వస్తువుకు గిరాకీ ఎప్పుడూ ఉంటుంది.

ఒక్కచోట మాత్రం నా వాదన ఆగిపోతుంది. హాస్టల్లో ఏ వస్తువూ ఒక్కరిదై ఉండదు. వీడియో పాఠం పెడితే నలుగురు చుట్టూ చేరతారు. చివర కూర్చున్నదానికి చిన్న తెర మీద ఏమీ కనబడదు, వినడమే. అందుకే పూర్వ విద్యార్థినులైన అక్కలకు ఒక విన్నపం. ఏటా మీరు బహుమతులిస్తారు, షీల్డులిస్తారు. అవి బీరువా మీద వరుసగా ఉన్నాయి, వచ్చి చూడండి. ఈసారి స్టడీ రూముకు రెండు పెద్ద ట్యాబ్‌లు, రెండు స్టాండ్లు ఇప్పించండి. మెమరీ కార్డులో పాత ప్రశ్నపత్రాలు, పాఠాలు ఎక్కించి పెడితే నెట్టు లేని రోజు కూడా పని నడుస్తుంది. 2022, 2023 డిసెంబర్లలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చినప్పుడు కూడా పాఠాలు ముందే ఎక్కించి ఇచ్చింది. పటాలు, గ్రాఫులు, ఆన్‌లైన్ పరీక్షల సాధన స్టడీ రూములో పెద్దదాని మీద. మామూలు చదువు ఎవరి చిన్నదాంట్లో వారు. అప్పుడు ఏ చెల్లెలూ ఇంటి దగ్గర ఇంకో నాలుగు వేలు అడగనక్కర్లేదు.

పోతాయేమో, పగులుతాయేమో అని భయం ఉంటుంది. రాత్రి బీరువాలో పెట్టి తాళం మేడమ్ గారికి ఇద్దాం. ఎవరు ఎప్పుడు తీసుకున్నారో రిజిస్టరు ఉండాలి. ఈ ఏడాది ఆ రిజిస్టరు నేను రాస్తాను.